స్టిక్కరున్న తెర

షట్టర్ పైకెత్తాక లిడియా చేసే మొదటి పని, బాగున్న తెరను బాగా లేకుండా చేయడం.

నిర్మల్ బస్టాండు దగ్గరి ఆ కంప్యూటర్ల కొట్లో గోడ వారగా పొడుగాటి బల్ల ఉంది. దాని మీద రెండు మానిటర్లు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే సైజు, రెండూ గేములు ఆడేవాళ్ల కోసం చేసినవే. ఎడమదాని కింది మూలన వెలుగునూ చీకటినీ ఉన్నదున్నట్టు చూపిస్తుందని చెప్పే హెచ్‌డీఆర్ స్టిక్కరు వెండిరంగులో మెరుస్తూ ఉంది, కుడిదానికి లేదు. లిడియా ముందు బల్ల తుడుస్తుంది. మెత్తటి గుడ్డతో తెరల మీది దుమ్మును పైనుంచి కిందికి ఒకే వరుసలో తీస్తుంది. తర్వాత కుడి తెర వెనక్కి చెయ్యి పోనిచ్చి, వేలికి తగిలే చిన్న మీటను నొక్కి పట్టి వెలుతురు తగ్గిస్తుంది. తెర మీది గేములో ఉరుకుతున్న గుర్రం జ్వరం వచ్చి లేచినదానిలా అయ్యేదాకా తగ్గిస్తుంది. ఎడమ తెరలో రంగులన్నీ పైకి లేపుతుంది. అందులో అదే గుర్రం, అదే గడ్డి. కానీ ఆ పచ్చదనం చూస్తే ఖానాపూర్ రైతు ఎవరైనా యూరియా ఎన్ని బస్తాలు వేశారని అడుగుతాడు.

నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. హెచ్‌డీఆర్ గొప్పతనం చూపించే ఆ ఎడమ తెరలో హెచ్‌డీఆర్ ఆపేసి ఉంటుంది. వేస్తే బొమ్మ పాలిపోతుంది. అందుకని దాన్ని ఆపి, మామూలు రంగులనే ఎక్కువ చేసి చూపిస్తారు. ఈ విద్య కొట్టు యజమాని కరుణాకర్ నేర్పాడు, లిడియా శ్రద్ధగా నేర్చుకుంది. ఏ పనైనా శ్రద్ధగా చేయడం ఆమె అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు పీకల మీదికి వచ్చింది.

శుక్రవారం పొద్దున బాలలక్ష్మి వచ్చింది. ఖానాపూర్ నుంచి మొదటి బస్సుకు బయలుదేరినట్టుంది, చేతిలో నీళ్ల సీసా సగం ఖాళీ అయింది. వస్తూనే బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరినీ అడగకుండా మానిటర్ వెడల్పును జానలతో కొలిచి, లోలోపల ఏదో లెక్క వేసుకుని తలూపింది.

"బల్లలు చేపిచ్చిన సార్. అందుకే కొలుస్తున్న," అంది కరుణాకర్‌తో. "ఖానాపూర్ల గేమింగ్ సెంటర్ పెడుతున్న. ఆరు సీట్లు అనుకున్న."

"మంచి ఆలోచనమ్మా. మీ ఆయన ఏడున్నడు?" అన్నాడు కరుణాకర్. ఆడమనిషి ఒంటరిగా వచ్చి పెద్ద సామాను బేరం చేస్తోందంటే అతను అడిగే మొదటి ప్రశ్న అదే.

"ఖతర్ల ఉన్నడు. ఫోన్ జేస్త."

ఆ కొట్లో దానికీ ఏర్పాటుంది. బల్లకు ఎదురుగా, మనిషి కూర్చుంటే తల వచ్చేంత ఎత్తులో ఒక ఫోన్ స్టాండు బిగించి ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో సామాను కొనేది ఆడవాళ్లే అయినా, ఏది కొనాలో చెప్పేది గల్ఫ్‌లో ఉన్న మగవాళ్లు. వీడియో కాల్ చేసి ఫోన్‌ను ఆ స్టాండులో పెడితే, అంత దూరం నుంచి వాళ్లు పెద్దమనిషిలా కూర్చుని చూస్తారు. దానికి కొట్లో దుబాయి కుర్చీ అని పేరు. ఖతర్ వాళ్లూ, మస్కట్ వాళ్లూ అందులోనే కూర్చుంటారు.

ఇప్పుడు అందులో బాలలక్ష్మి భర్త హనుమండ్లు కూర్చున్నాడు. ఫోన్‌లో అతని మొహం సగం, నెత్తి మీది హెల్మెట్ సగం కనిపిస్తున్నాయి. వెనకాల ఇనుప చువ్వలు దించుతున్న చప్పుడు. కరుణాకర్ స్టాండును రెండు వేళ్లతో కొద్దిగా ఎడమకు తిప్పాడు. ఎక్కడికి తిప్పాలో అతనికి తెలుసు.

"హెచ్‌డీఆర్ అంటే ఏందంటే అన్నా," అని మొదలుపెట్టాడు. "ఎలుగున్న కాడ ఎలుగు, చీకటున్న కాడ చీకటి. ఒక్క బొమ్మలనే రెండు. కండ్లతోని చూసినట్టె ఉంటది. ఇగో, ఇది హెచ్‌డీఆర్. అది సాదా. తేడా మీరే చూడుండ్రి."

"ఓ, గా ఎడమదే!" హనుమండ్లు గొంతు కొట్టంతా వినిపించింది. "ఫోన్లనే గిట్ల కొడుతుందంటె దగ్గర ఎట్లుంటదో. లక్ష్మీ, గదే తీసుకో. మా రూంల కొమురెల్లి గూడ చెప్పిండు, హెచ్‌డీఆర్ లేకుంటె పోరలు మొఖం గూడ చూడరని."

బాలలక్ష్మి ఫోన్‌ను చూడలేదు, తెరలనే చూస్తోంది. "అవి తీసుకుంటె ఉన్న పైసలల్ల నాలుగే వస్తయ్," అంది మెల్లగా. "రెండు బల్లలు ఖాళీ ఉంటయ్. ఇన్వర్టర్ గూడ ఎనకకు వడ్తది. మా దిక్కు పగటీలి కరెంటు పోతది. పోయినప్పుడల్ల పిల్లలు లేచి పోతె ఇగ సెంటర్ ఎట్ల నడుస్తది?" తర్వాత కరుణాకర్ వైపు తిరిగింది. "సార్, మా షట్టర్ పడమర దిక్కు. పగటీలి నుంచి ఎండ లోపటికి కొడ్తది. గా ఎండల ఈ తేడా కనబడ్తదా?"

"అమ్మా, ఎండల కనబడేదే హెచ్‌డీఆర్," అన్నాడు కరుణాకర్ తడుముకోకుండా.

లిడియా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇప్పటిదాకా అతను ఇంత నేరుగా అనడం ఆమె వినలేదు. చూపించి ఊరుకునేవాడు, కొనేవాళ్లే అనుకునేవాళ్లు.

బాలలక్ష్మి ఆమె వైపు చూసింది. "నువ్వు చెప్పు చెల్లె. రోజు వీటి ముంగటనే ఉంటవ్. నువ్వైతె ఏది కొంటవ్?"

కరుణాకర్ బిల్లుల కట్ట సర్దుతున్నట్టు తల వంచాడు, కానీ చెవులు ఇటే ఉన్నాయి. లిడియా చూపు నేలకు దించింది.

"సార్ చెప్పిందే అక్కా," అంది.

బాలలక్ష్మి ఇంకొక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "సరే," అని కొంగు సర్దుకుంది. సోమవారం వచ్చి తీసుకుపోతానని బయానా ఇచ్చి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఎడమ తెరను మళ్లీ జానతో కొలిచింది. కొలత మారుతుందని కాబోలు.

*

సాయంత్రం లిడియా కూరగాయల మార్కెట్టుకు వెళ్లింది. తల్లి రిబ్కమ్మ అక్కడ టమాటాలు అమ్ముతుంది. ఆమె అంగడి సర్దే వేళకు కూతురు వచ్చి గంపలు ఎత్తిస్తుంది, ఇద్దరూ కలిసి ఇంటికి పోతారు. రిబ్కమ్మ మిగిలిన టమాటాలు ఏరుతోంది. మెత్తబడ్డవి ఒక పక్కకు, గట్టివి ఒక పక్కకు. చూడకుండానే వేళ్లతో నొక్కి తెలుసుకుంటోంది.

"అవ్వా," అంది లిడియా పక్కన గొంతుక్కూర్చుని. "కుప్ప పోసేటప్పుడు నిగనిగలాడేటియి పైన పెడ్తవ్ గద. అది మోసం కాదా?"

"గిదేం ప్రశ్నే? అమ్ముకునేటోళ్లు మంచియి ముంగట పెట్టుకుంటరు. కొనేటోళ్లు కింద చెయ్యి పెట్టి తీసుకుంటరు. నేనేమన్న చెయ్యి పట్టుకున్ననా?"

"మరి నీ పక్కన కూసున్నామె టమాటల్ని నువ్వు గోటితోని గిచ్చి పెడితె?"

రిబ్కమ్మ చేతులు ఆగాయి. "గిచ్చుడెందుకు? ఎవలు గిచ్చిండ్రు?"

"నేనే. రోజు పొద్దుగాల."

తర్వాత మొత్తం చెప్పింది. తెరల సంగతీ, మీట సంగతీ, బాలలక్ష్మి అడిగిన మాటా, తను ఇచ్చిన జవాబూ. చెబుతుంటే తన మీద తనకే ఒళ్లు మండింది. రిబ్కమ్మకు హెచ్‌డీఆర్ అంటే ఏమిటో అర్థం కాలేదు, కావలసిన అవసరమూ కలగలేదు.

"నౌకరి పోతదేమో అవ్వా."

"పోతె పోతదని చెప్ప. పోతె కష్టమే," అంది రిబ్కమ్మ గంప నెత్తిన పెట్టుకుంటూ. "కని నువ్వు అడిగేది నన్ను కాదు. చేద్దామనుకునే వచ్చినవ్. మొఖం చూస్తె తెలుస్తలేదా? ప్రార్థన చేసుకొని పో."

నిజమే. ఆ తెరల గుట్టు ఎట్లాగూ విప్పాలనే వచ్చింది. బయానా రసీదు మీద బాలలక్ష్మి నంబరు ఉంది, చాటుగా ఫోన్ చేసి చెప్పవచ్చు. దారంతా అదే ఆలోచించి వద్దనుకుంది. చెబితే వినేది ఒకరే. పైగా హనుమండ్లు ఒక్క కేకతో ఆ మాటను కొట్టిపారేస్తాడు. కళ్లతో చూసినదాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. తెరలు చెడగొట్టింది కొట్లోనే, బాగు చేయాల్సిందీ అక్కడే.

*

శనివారం పొద్దున షట్టర్ తీశాక ఆమె బల్ల తుడిచింది, తెరలు తుడిచింది, మీట జోలికి పోలేదు. రెండు తెరలనూ ఒకే వెలుతురుకు తెచ్చి పెట్టింది. చూస్తే రెండు గుర్రాలూ ఒకే తల్లి పిల్లల్లా ఉరుకుతున్నాయి.

కరుణాకర్ వచ్చి, అగరుబత్తి వెలిగించి, వెనక్కి తిరిగి చూసి ఆగాడు.

"ఏమాయె? సెట్టింగ్ చేయలే?"

"రెండు సమానం పెట్టిన సార్."

"ఎందుకు?"

"బాలలక్ష్మక్క ఆరు సీట్లు పెట్టుకుంటనంటుంది. ఆమెకు స్టిక్కరు ఎందుకు సార్? దాని ఎనక లైటు మొత్తానికి ఒక్కటే. ఒక్క మూల వెలగాలంటె తెరంత వెలగాలె. అసుంటప్పుడు నలుపు నల్లగ ఎట్లుంటది?"

కరుణాకర్ చెడ్డవాడేమీ కాదు. పోయిన వానాకాలం రిబ్కమ్మ కాలు విరిగితే తన కారులోనే ఆస్పత్రికి తీసుకుపోయాడు. అదే లిడియాకు అడ్డం వస్తోంది. చెడ్డవాడైతే ఈ మాటలు సులువుగా వచ్చేవి.

"స్టిక్కరు నేనేసిన్నా?" అన్నాడు అతను. "కంపెనోడు ఏసిండు. నేను ఉన్నది చూపెడుతున్న."

"ఎండల కనబడ్తదన్నరు సార్."

అతని మొహం మాడిపోయింది. "అమ్ముకోను కూసున్నం లిడియా, పాఠాలు చెప్పను కాదు."

"అయితె పైన డబ్బలున్నది తీసి పెడుదం. అది నిజం హెచ్‌డీఆరే గద."

గల్లా వెనక పై అరలో ఒక పెద్ద పెట్టె ఉంది. దాంట్లోని మానిటర్ వెనక దీపాలు వందల గడులుగా విడివిడిగా ఉంటాయి. కావలసిన చోట వెలుగుతాయి, వద్దన్న చోట ఆరిపోతాయి. వచ్చిన రోజు లిడియా ఒక్కతే దాన్ని వెలిగించి చూసింది. ఆ తర్వాత అది పెట్టెలోంచి దిగలేదు.

"దాన్ని ఆన్ జేస్తె ఇవి ఎవడు కొంటడు?" అన్నాడు కరుణాకర్. ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనే కాస్త ఇబ్బందిపడి, తెర వెనక్కి చెయ్యి పెట్టి కుడి గుర్రాన్ని మళ్లీ జబ్బుపడేసి, గల్లా దగ్గరికి పోయి కూర్చున్నాడు.

లిడియా మళ్లీ ముట్టుకోలేదు. సోమవారం దాకా ఆగింది.

*

సోమవారం బాలలక్ష్మి వచ్చేసరికి బయట ఆటో సిద్ధంగా ఉంది. స్టిక్కరున్న నాలుగు పెట్టెలు గల్లా ముందు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆమె రాగానే ఫోన్ కలిపి స్టాండులో పెట్టింది, దుబాయి కుర్చీలో హనుమండ్లు కూర్చున్నాడు. ఈసారి రూంలో ఉన్నట్టున్నాడు, బనీనుతో, చేతిలో చాయ్ గ్లాసుతో.

"అక్కా, పైసలు కట్టే ముంగట ఒక్కసారి ఇటు రా," అంది లిడియా.

బాలలక్ష్మి వచ్చి బల్ల ముందు నిలబడింది. కరుణాకర్ గల్లా మీద రెండు చేతులూ ఆనించి లేచాడు.

లిడియా కుడి తెర వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "శుక్రారం నువ్వు చూసినప్పుడు దీని ఎలుగు నేను తగ్గిచ్చి పెట్టిన," అంది. "ఇగో, దీని అసలు ఎలుగు ఇది." మీట పైకి నొక్కింది. గుర్రం ఒళ్లు విరుచుకుని ఎండలోకి వచ్చింది. తర్వాత ఎడమ తెరలో రంగులు ఉన్నచోటికి దించింది. "ఇప్పుడు రెండు సమానం. గింతే తేడా."

బాలలక్ష్మి ఒక తెర నుంచి ఇంకో తెరకు, మళ్లీ మొదటిదానికి చూసింది. తేడా వెతికినా దొరకలేదు.

"లిడియా," అన్నాడు కరుణాకర్.

"ఒక్క నిమిషం సార్." ఆమె చేయి ఆగలేదు. గేములో రాత్రిపూట కోట లోపల జరిగే చోటుకు వెళ్లింది. ఎడమ తెరలో ఇన్నాళ్లకు మొదటిసారి హెచ్‌డీఆర్ వేసింది. చీకటి గది చీకటిగా లేదు, పొయ్యిలో బూడిద చల్లినట్టు తెల్లబోయింది. మూలన నక్కిన శత్రువు, వాడి వెనక గోడ, అన్నీ ఒకే బూడిదరంగు. "ఇది అక్కా, స్టిక్కరు."

లిడియా హెచ్‌డీఆర్ ఆపి, తెరను మళ్లీ గుర్రం దగ్గరికి తెచ్చి, వేలు ఎత్తి గల్లా పైన గోడకు ఉన్న నిర్మల్ పటాన్ని చూపించింది. నల్లటి పలక మీద బంగారు జింకలు. "దాన్ని చూడు. నలుపు నల్లగ ఉన్నది కాబట్టే బంగారం మెరుస్తుంది. హెచ్‌డీఆర్ అంటె గట్లుండాలె. గట్ల చూపెట్టే మానిటర్ ఉన్నది, పైన డబ్బల. దానికి చీకటి రూం కావాలె, పడమటి షట్టర్ల పని చెయ్యది. నీ సెంటర్ల ఆడేటోళ్లకు బొమ్మ ఆగకుండ ఉరకాలె, ఎదుటోడు జల్ది కనబడాలె. గా రెండు ఈ సాదాదాన్ల ఉన్నయ్. శుక్రారం నన్నడిగినవ్ గద, నేనైతె ఏది కొందునని. నేనైతె ఇదే కొందును."

"ఏమైతుందాడ?" ఫోన్‌లోంచి హనుమండ్లు కేకేశాడు. "నాకైతె రెండు ఒక్క తీర్గనే కొడ్తున్నయ్. మొన్న ఎడమది మంచిగుండె గద? సార్, ఫోన్ జర ఇటు తిప్పుండ్రి. లక్ష్మీ, నువ్వు ఆగం గాకు. కొమురెల్లిని అడిగి చెప్త."

కరుణాకర్ స్టాండు వైపు చెయ్యి చాపాడు, తిప్పడానికి. బాలలక్ష్మి అంతకంటే ముందు ఫోన్‌ను స్టాండులోంచి తీసి చేతిలోకి తీసుకుంది.

"ఏమయ్యా, నీకు రెండు ఒక్క తీర్గ ఎందుకున్నయంటె, రెండు ఒక్కటే కాబట్టి," అంది. ఆమె గొంతులో కోపం లేదు. "కూసోని నడిపేది నేను. కండ్ల ముంగట చూస్తున్నది నేను. కొమురెల్లి వచ్చి కూసుంటడా నా సెంటర్ల? చాయ్ తాగు. పొద్దుమీకి ఫోన్ జేస్త."

ఫోన్ ఆపి నడుముకు దోపుకుంది. తర్వాత కరుణాకర్ వైపు తిరిగి, "సార్, స్టిక్కరు లేనియి ఆరు ఇయ్యుండ్రి," అంది. మోసం అన్న మాట అననేలేదు. అనకపోవడం వల్లనే కరుణాకర్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

ఆరు పెట్టెలు ఆటోలోకి ఎక్కించాక బాలలక్ష్మి లిడియా దగ్గరికి వచ్చింది. "శుక్రారమే నీ మొఖం చూసి అనుకున్న," అంది. "సార్ చెప్పిందే అన్నవ్ గని, కండ్లు కింద పెట్టినవ్. ఇయ్యాల గూడ నిన్ను మళ్లొక్కసారి అడుగుదామనే వచ్చిన." లిడియా భుజం మీద చెయ్యి వేసి ఒత్తి, ఆటో ఎక్కింది.

*

మర్నాడు పొద్దున లిడియా వచ్చేసరికి షట్టర్ తీసే ఉంది. కరుణాకర్ ముందే వచ్చాడు. రెండు తెరలనూ తనే తుడిచి, తనే మీట నొక్కి పెట్టుకున్నాడు. కుడి గుర్రం మళ్లీ జ్వరంలో ఉంది.

"నువ్వు ఎనక పని చూసుకో," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

వెనక పనంటే ప్రింటర్ల ఇంకు నింపడం. మెట్ల కింద కిటికీ లేని మూలన చిన్న బల్ల. సూదితో సీసాలోంచి ఇంకు లాగి, డబ్బీ మూత పక్కన ఉన్న రంధ్రంలోకి చుక్క చుక్కగా ఎక్కించాలి. తొందరపడితే గాలి బుడగ చేరుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. చేతులకు అంటిన నలుపు సబ్బుకు పోదు. మొదటి రోజు లిడియా ఏడ్చింది. మెట్ల కింద ఎవరికీ కనబడదు కాబట్టి బాగానే ఏడ్చింది. మానేస్తావా అని ఇంట్లో తల్లి అడగలేదు, మానేస్తానని ఆమె అనలేదు. పంపిస్తే పోతుంది, తనంతట తను పోదు. తెల్లారి వచ్చి సూది కడిగి పనిలో కూర్చుంది. ముందు గదిలోంచి కరుణాకర్ గొంతు వినిపిస్తూనే ఉంది. ఎలుగున్న కాడ ఎలుగు, చీకటున్న కాడ చీకటి. అది చెప్పి ఒక స్టిక్కరు తెర అమ్మాడు కూడా.

ఆ తర్వాతి వారం, శనివారం మధ్యాహ్నం ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఇది వద్దు సార్. గా అమ్మాయిని పిలువుండ్రి."

"ఏ అమ్మాయమ్మా?"

"ఎలుగు సమానం పెట్టి చూపెడ్తది గద, గామె. బాలలక్ష్మక్క చెప్పింది. గామె చూపెడ్తెనే కొను, లేకుంటె వాపస్ రా అన్నది."

లిడియా సూదిని గ్లాసులో పెట్టి, కూర్చున్నచోటే కూర్చుంది. పిలిస్తేనే లేద్దామనుకుంది.

"లిడియా," అన్నాడు కరుణాకర్. తర్వాత, కొంచెం గట్టిగా, "లిడియా, జర ముంగటికి రా."

వచ్చినామె పేరు జమున. ఖానాపూర్ ఆస్పత్రిలో నర్సు. బాలలక్ష్మి సెంటర్ తెరిచిన నాటి నుంచి డ్యూటీ దిగాక ఒక ఆట ఆడి ఇంటికి పోతోందట. ఆరు సీట్లూ నిండి ఉంటున్నాయట, ఒక్కోసారి తన వంతు రావడం లేదట. "ఇంట్ల నా ఒక్కదానికే పెట్టుకుందామని," అంది కొంచెం సిగ్గుపడుతూ. "నవ్వుతరేమో."

"ఎందుకు నవ్వుతరక్కా? నేను గూడ ఆడ్త," అంది లిడియా. "ఏ యాళ్ల ఆడ్తవ్?"

"నైట్ డ్యూటీ దిగి, పండుకొని లేసినంక. పడుకునే రూమే. పరదాలు ఏసే ఉంటయ్, అంత చీకటే."

"ఎసుంటి గేములు?"

"కొట్లాటలు వద్దు, హాస్పిటల్ల రోజు చూసేటియే. అడవులల్ల తిరిగేటియి, కథ ఉండేటియి. మెల్లగ చూసుకుంట పోతె నిమ్మళమైతది."

లిడియా కుడి తెర వెనక్కి చెయ్యి పోనిచ్చి వెలుతురు పెంచింది. మీట మీద నల్లటి వేలిముద్ర పడింది. రెండు తెరలూ సమానమయ్యాయి. "ఈ రెండిట్ల తీసుకునేటట్టయితె స్టిక్కరు లేనిదే తీసుకో. దాని మీద ఎక్కువ పెట్టకు," అంది. తర్వాత కరుణాకర్ వైపు తిరిగింది. అడగడానికి భయం వేయలేదు, పోయేదేదో ఇదివరకే పోయింది. "సార్, ఈమెకు హెచ్‌డీఆర్ పనికొస్తది. చీకటి రూం, మెల్లగ ఆడే గేములు. నిజందైతెనే. పైనది దించాలె."

జమున ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కరుణాకర్ పై అరను చూశాడు. అక్కడ పెట్టె మీద దుమ్ము తెల్లగా పేరుకుంది. అది వచ్చిన నాటి నుంచి దాన్ని ఎవరూ అడగలేదు, అడగనీయలేదు కూడా. అతను స్టూలు లాక్కున్నాడు.

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని దించారు. లిడియా తీగలు తగిలించింది. కోట లోపలి చీకటి గది మూడు తెరల మీదికీ వచ్చింది, కానీ బయటి ఎండ నేరుగా కొత్తదాని అద్దం మీద పడి అందులో మెయిన్ రోడ్డే కనిపిస్తోంది. ఆమె షట్టర్ దించడానికి కదిలింది.

"నువ్వు ఆడనే ఉండు," అన్నాడు కరుణాకర్.

అతనే వెళ్లి, కొక్కెం తగిలించి, షట్టర్‌ను సగానికి పైగా దించాడు. కొట్టు చీకటైంది. పక్కపక్కన మూడు తెరలు. రెండింటిలో బూడిద. మూడోదాంట్లో గది ఎక్కడ మొదలై గోడ ఎక్కడ ముగిసిందో తెలియనంత నలుపు, ఆ నలుపు మధ్య ఒక్క దీపం, పసుపుపచ్చగా, చేయి పెడితే కాలుతుందేమో అన్నట్టు. జమున "అబ్బ" అని ఊరుకుంది.

కరుణాకర్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, దుబాయి కుర్చీ దగ్గరున్న స్టూలును జరిపి జమున ముందు వేశాడు.

"కూసోమ్మా. తొందరేం లేదు," అన్నాడు. "లిడియా, ఈమెకు మంచిగ చూపెట్టు."